అమెరికా పెద్దవాళ్ల జ్ఞాపకాలను రికార్డు చేసి భద్రపరచడం ఎలా?

“మా నాన్నగారు డెబ్బైల్లో డాక్టరుగా ఒహాయో వచ్చారు. ఆ రోజుల సంగతులు ఆయన గొంతులోనే దాచుకోవాలనుంది, ఎలా?” “మా పక్కింటి పెద్దాయన డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేశారు. ఫోనులో రికార్డు చేసి ఉంచుకుంటే సరిపోతుందా?” అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవే. ఇద్దరికీ పద్ధతి ఒకటే.

ఫోనులో రికార్డు చేయడం తప్పు కాదు. కానీ అక్కడితో ఆగిపోతే ఆ ఫోను మారిన రోజున ఆ గొంతు కూడా పోతుంది. రేపు మీరు లేనప్పుడు, మీ ఇంటితో ఏ సంబంధమూ లేని మనిషి ఆ ఫైలు తెరిస్తే మాట్లాడేది ఎవరో, ఏ ఊరి సంగతో, ఏ కాలమో అతనికి తెలియాలి. దాన్ని వాడుకునే హక్కు తనకు ఉందో లేదో కూడా తెలియాలి. ఇవన్నీ కుదిరితేనే జ్ఞాపకం భద్రపడినట్టు. కింద చెప్పే పనులన్నీ ఇందుకోసమే.

కావలసినవి

- చేతిలో ఇమిడే డిజిటల్ రికార్డరు. శబ్దాన్ని కుదించకుండా దాచే వేవ్ ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో రికార్డు చేయగలిగితే చాలు.
- కాలరుకు తగిలించే వైరు మైకు. అడిగేవారికి, చెప్పేవారికి చెరొకటి ఉంటే మంచిది, ఒకటే ఉంటే చెప్పేవారికి పెట్టండి.
- చెవులను పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్లు.
- 32 జీబీ మెమరీ కార్డులు రెండు, రెండు జతల కొత్త బ్యాటరీలు.
- అనుమతి పత్రం రెండు ప్రతులు, పెన్ను, నోటు పుస్తకం.
- ఆ ఊరి పాత మ్యాపు, రెండు మూడు పాత ఫొటోలు.
- మంచినీళ్లు, టిష్యూలు.

కార్డు లెక్క: పైన చెప్పిన నాణ్యతలో స్టీరియో అయితే గంటకు సుమారు 1 జీబీ, మోనో అయితే అర జీబీ. అంటే 32 జీబీ కార్డులో స్టీరియోలో దాదాపు ముప్పై గంటలు పడుతుంది. చోటు కోసం ఎంపీ3కి దిగాల్సిన అవసరం ఇవాళ ఎవరికీ లేదు. ఎంపీ3లో ఒకసారి తీసేసిన శబ్దం మళ్లీ రాదు.

సమయం లెక్క: గంట సంభాషణకు ముందు రెండు మూడు గంటల తయారీ ఉంటుంది. తర్వాత ఆ మాటలు విని అక్షరాల్లో పెట్టే రాత ప్రతిని మెషీను సాయం లేకుండా తయారు చేస్తే ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఈ లెక్క తెలియక పదిమందిని వరసగా రికార్డు చేసి, ఒక్కరి ప్రతి కూడా పూర్తిచేయలేక వదిలేసేవాళ్లే ఎక్కువ. ఇద్దరితో మొదలుపెట్టండి.

1. ఎవరిని, దేని గురించి అడగాలో తేల్చుకోండి

“మీ జీవితం గురించి చెప్పండి” అని కూర్చుంటే గంటన్నరలో పుట్టుక నుంచి మనవల దాకా పైపైన వచ్చేస్తుంది. ఒక దారం పట్టుకోండి: ఒక వీధి, ఒక మిల్లు, ఒక ఆసుపత్రి నైట్ డ్యూటీలు, ఒక స్కూలు.

పేరున్నవాళ్ల కోసం వెతక్కండి. వాళ్ల మాటలు ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండే ఉంటాయి. స్కూలు బస్సు నడిపినావిడ, స్టీల్ మిల్లులో కొలిమి దగ్గర నిలబడ్డాయన, ఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసినావిడ చెప్పేవి ఇంకెక్కడా దొరకవు.

పుట్టిన సంవత్సరంతో లెక్క వేసుకోండి. పదేళ్ల వయసు నుంచి ముప్పై దాకా జరిగినవి పెద్దవాళ్లకు బాగా గుర్తుంటాయి. 1930ల ఆర్థిక మాంద్యాన్ని పదేళ్ల వయసులో చూసినవాళ్లు 1920ల్లో పుట్టినవాళ్లు, వాళ్లు ఇప్పుడు చాలా తక్కువ మంది. రెండో ప్రపంచ యుద్ధంనాటి రేషన్ కూపన్లు గుర్తుండాలంటే 1930ల్లో పుట్టి ఉండాలి. పంచదార రేషన్ 1942లో మొదలై 1947 దాకా సాగింది. వియత్నాం యుద్ధానికి సైన్యంలోకి ముందు ఎవరిని పిలవాలో పుట్టినరోజులను బట్టి తేల్చే తొలి లాటరీ 1969 డిసెంబరు 1న తీశారు, 1944–1950 మధ్య పుట్టిన మగవాళ్లకు అది వర్తించింది. ఆ వయసు మగవాళ్లను “మీకు ఎంత నంబరు వచ్చింది? ఆ రాత్రి ఎక్కడున్నారు?” అని అడిగి చూడండి, చాలామంది తడుముకోకుండా చెబుతారు. జాబితాలో అందరికంటే పెద్దవాళ్లను, ఆరోగ్యం బాగాలేనివాళ్లను ముందుపెట్టండి.

ఒక హెచ్చరిక. మతిమరుపు జబ్బు ముదిరి, తాము దేనికి ఒప్పుకుంటున్నారో తెలియని స్థితిలో ఉన్నవాళ్లను రికార్డు చేసి బయటివాళ్లకు ఇవ్వకండి. ఇంట్లోవాళ్ల కోసం పాత ఫొటోలు చూపిస్తూ మాట్లాడించుకోవడం వేరే సంగతి.

2. ఎక్కడ దాచాలో ముందే కనుక్కోండి

అందరూ చివర చేసే పని ఇది. ముందే చేయాలి, ఎందుకంటే ప్రతి సంస్థకూ సొంత అనుమతి పత్రం, సొంత నిబంధనలు ఉంటాయి. రికార్డింగ్ అయ్యాక తెలిస్తే సంతకం కోసం మళ్లీ తిరగాలి. ఆ లోపు మనిషే ఉండకపోవచ్చు.

మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలోని స్థానిక చరిత్ర విభాగం, కౌంటీ హిస్టారికల్ సొసైటీ, దగ్గరలోని స్టేట్ యూనివర్సిటీ ఆర్కైవు (పాత పత్రాలు, రికార్డింగులు భద్రపరిచే విభాగం), ఈ మూడింటినీ ముందు అడగండి. మాజీ సైనికులైతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్టు ఉంది. అమెరికన్ కాంగ్రెస్ 2000లో చట్టం చేసి దాన్ని ఏర్పాటు చేసింది. అక్కడ ఇంటర్వ్యూ కనీసం 30 నిమిషాలు ఉండాలి. 28 నిమిషాలు రికార్డు చేసి ఆగిపోతే పని వృథా. భారతదేశం నుంచి వచ్చినవాళ్ల సంగతులైతే ఫిలడెల్ఫియాలోని సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవును సంప్రదించండి. అమెరికాలో తొలిరోజుల అనుభవాల కోసం ‘ఫస్ట్ డేస్’ అని వాళ్ల ప్రాజెక్టు ఒకటి ఉంది. ఇంత తతంగం వద్దు, ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం అనుకుంటే 2003లో మొదలైన స్టోరీకోర్ సంస్థవారి యాప్ తేలికైన దారి.

3. ముందస్తు ఫోన్ మాట, కొంచెం పరిశోధన

రికార్డింగుకు వారం ముందు ఇరవై నిమిషాలు మాట్లాడండి. పుట్టిన సంవత్సరం, ఉన్న ఊళ్లు, చేసిన పనులు, తోబుట్టువుల పేర్లు, ఇవి మాత్రం రాసుకోండి. వాళ్లు కథలోకి దిగబోతే “అది రికార్డింగులో వింటాను, అప్పటిదాకా దాచండి” అనండి. ఒకసారి మనసారా చెప్పేసిన సంగతి రెండోసారి “నీకు మొన్న చెప్పాగా” అని రెండు ముక్కల్లో ముగుస్తుంది.

తర్వాత ఒక సాయంత్రం కూర్చుని వెతకండి. అమెరికా జనగణన పత్రాలు 72 ఏళ్ల తర్వాత బయటపెడతారు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న విడుదలయ్యాయి, నేషనల్ ఆర్కైవ్స్ సైటులో ఉచితంగా చూడొచ్చు. అప్పటికి పుట్టి అమెరికాలో ఉన్నవాళ్ల కుటుంబం అందులో దొరికే అవకాశం ఎక్కువ: ఏ వీధి, ఇంట్లో ఎవరెవరు, తండ్రి ఏం పని చేసేవాడు, పక్కింట్లో ఎవరుండేవారు. ఆ పేజీ అచ్చు వేసి తీసుకెళ్లండి. “మీ పక్కింటివాళ్లు పోలండ్ నుంచి వచ్చినవాళ్లని ఇందులో ఉంది, వాళ్లు గుర్తున్నారా?” అని ఒక్క ప్రశ్న వేస్తే వీధి మొత్తం కళ్లముందుకు వస్తుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో శాన్‌బోర్న్ అగ్నిబీమా మ్యాపులున్నాయి. పాత ఊళ్లలో ఏ మూల ఏ దుకాణం ఉండేదో, ఏ ఇల్లు ఇటుకతో కట్టారో, ఏది చెక్కతో కట్టారో అందులో కనిపిస్తుంది.

4. అనుమతి

అమెరికాలో ఇంటర్వ్యూ ఇచ్చినవారి మాటలపై కాపీరైటు సాధారణంగా వారిదే. రికార్డరు మీది, శ్రమ మీది అయినా రాతపూర్వకంగా హక్కు ఇవ్వకపోతే ఏ ఆర్కైవూ ధైర్యంగా తీసుకోలేదు. పత్రంలో ఇవి తప్పకుండా ఉండాలి: ఇద్దరి పేర్లు, తేదీ, రికార్డింగు ఎక్కడ దాస్తారు, ఎవరు వినొచ్చు, ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా, ఫలానా సంవత్సరం దాకా మూసి ఉంచాలా, పేరు మార్చాలా.

రెండు మెట్లుగా చేయండి. రికార్డింగుకు ముందు “రికార్డు చేయడానికి ఒప్పుకుంటున్నాను” అనే మాట కాగితం మీద, గొంతులో కూడా తీసుకోండి. హక్కుల బదిలీ సంతకం మాత్రం వాళ్లు రాత ప్రతి చదివి, తీసేయాలన్నవి చెప్పాక తీసుకోండి. వాళ్ల ఆరోగ్యం సందేహంగా ఉంటే రెండూ ఒకే రోజు తీసుకుని, “ప్రతి చదివాక మార్పులు చెప్పే హక్కు మీకుంది” అని పత్రంలోనే రాయండి.

“ఇది ఎవరికీ తెలియనివ్వం” అని మాట ఇవ్వకండి. కోర్టు అడిగితే ఇవ్వక తప్పదు. ఉత్తర ఐర్లండ్ గొడవల మీద బోస్టన్ కాలేజీ గోప్యంగా దాచిన ఇంటర్వ్యూలకు 2011లో కోర్టు సమన్లు వచ్చాక ఈ రంగంలో అందరికీ ఆ సంగతి తెలిసొచ్చింది. వీసా గడువు దాటి ఉన్న రోజుల గురించి, పాత నేరం గురించి, బతికున్న మూడో మనిషి గురించి చెప్పబోతుంటే రికార్డరు ఆపి, చెప్పాలో వద్దో వాళ్లనే ఆలోచించుకోమనండి.

ఫోనులోనో వీడియో కాల్‌లోనో రికార్డు చేస్తుంటే ఇంకో జాగ్రత్త. కాలిఫోర్నియా, పెన్సిల్వేనియా, వాషింగ్టన్, ఫ్లోరిడా, మేరీల్యాండ్ వంటి రాష్ట్రాల్లో అందరి ఒప్పుదల లేకుండా రికార్డు చేయడం చట్టరీత్యా తప్పు. ఏ రాష్ట్రమైనా సరే, ఒప్పుదల రికార్డులోనే వినపడాలి.

5. ప్రశ్నలు తయారు చేసుకోండి

ఒక్క కాగితం చాలు. పూర్తి వాక్యాలు రాసుకుంటే మీ కళ్లు కాగితం మీదే ఉంటాయి. ఏడెనిమిది విషయాలు, ఒక్కోదాని కింద రెండు మూడు మాటలు రాసుకోండి.

అవును, కాదు అని ముగిసే ప్రశ్న వేయకండి. “అప్పట్లో కష్టంగా ఉండేదా?” అంటే “ఆఁ, కష్టమే” అని ఆగిపోతారు. “జీతం వచ్చిన రోజు సాయంత్రం ఇంట్లో ఏం జరిగేది?” అంటే డబ్బు ఎవరి చేతికి వెళ్లేదో, ఏ కొట్టులో అప్పు తీర్చేవారో, పిల్లలకు ఏం దొరికేదో అన్నీ వస్తాయి. చరిత్ర పుస్తకం ప్రశ్నలు అడిగితే చరిత్ర పుస్తకం జవాబులే వస్తాయి. “కెనెడీ హత్య మీద మీ అభిప్రాయం?” అనకండి. “1963 నవంబరు 22 మధ్యాహ్నం మీరు ఎక్కడున్నారు? ఎవరు చెప్పారు? తర్వాత ఏం చేశారు?” అనండి.

బాగా పనిచేసే కొన్ని:

- పొద్దున నిద్ర లేవగానే ఇంట్లో మొదట ఏ చప్పుడు వినపడేది? (బొగ్గు కొలిమి కెలకడం, పాలబండి సీసాలు, మిల్లు కూత)
- బట్టలు ఏ రోజు ఉతికేవారు, ఎవరు, దేనితో?
- టెలిఫోను లైను ఎన్ని ఇళ్లకు కలిపి ఉండేది? పక్కవాళ్ల మాటలు వినేవారా?
- సియర్స్ కేటలాగులో (పోస్టులో వస్తువులు తెప్పించుకునే పుస్తకం) చూసి కొన్న మొదటి వస్తువు ఏది? పాత కేటలాగు చివరికి ఏమయ్యేది?
- ఫ్యాక్టరీలో మొదటి రోజు పని ఎవరు నేర్పారు? ఏ మెషీను, ఏ చేతితో ఏం చేసేవారు?
- కారులో దూరప్రయాణం చేస్తే ఎక్కడ ఆగేవారు? ఎక్కడ ఆగడానికి వీల్లేదు? (నల్లజాతి కుటుంబాలను ఈ ప్రశ్న తప్పక అడగండి. జవాబుకు తొందరపెట్టకండి.)
- 1973 చివర్లో పెట్రోలు కొరత వచ్చినప్పుడు బంకు దగ్గర ఎంతసేపు నిలబడ్డారు?

1965 అక్టోబరు 3న సంతకమైన వలస చట్టం తర్వాత వచ్చిన తెలుగువాళ్లకు వేరే ప్రశ్నలు కావాలి. విదేశీ మారకం ఆంక్షల వల్ల ఎనిమిది డాలర్లతో దిగామని ఆ తరంవాళ్లు చెబుతుంటారు. అక్కడే వదిలేయకండి. ఆ డబ్బులో మొదట దేనికి ఖర్చుపెట్టారు, ఎవరు ఎదురొచ్చారు, మొదటి చలికోటు ఎవరిచ్చారు, కందిపప్పు ఏ ఊళ్లో దొరికింది, అది దొరికేదాకా ఏ పప్పుతో సరిపెట్టుకున్నారు అని అడగండి. ఇంటికి ఎయిరోగ్రామ్ రాస్తే జవాబు ఎన్నాళ్లకు వచ్చేది, ట్రంకాల్ ఎలా బుక్ చేసేవారు, నాన్న పోయిన వార్త ఎలా తెలిసింది, ఇవీ ముఖ్యమే. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి ప్రతిష్ఠ 1976లో జరిగింది. అంతకుముందు పెళ్లిళ్లు, తద్దినాలు ఎవరు చేయించారు, ఎక్కడ చేశారు అని అడిగితే గుడి లేని కాలం బయటికొస్తుంది.

అడిగే మనిషిని బట్టి జవాబు మారుతుంది. 1936–38లో ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు అనే ప్రభుత్వ పథకం కింద ఒకప్పటి బానిసలు చెప్పిన 2,300కు పైగా కథనాలు సేకరించారు. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. ముసలివాళ్లు చాలామంది ఆచితూచి మాట్లాడారని చరిత్రకారులు ఇప్పటికీ వాటిని జాగ్రత్తగానే చదువుతారు. మన ఇళ్లలో ఇది ఇంకోలా ఉంటుంది. కొడుకు అడిగితే తండ్రి పరీక్ష తప్పిన సంగతి, ఉద్యోగం పోయిన సంగతి దాటేస్తాడు. “అంకుల్” అని పిలిచే స్నేహితుడి కూతురు అడిగితే చెబుతాడు. వీలైతే పిల్లలు మార్చుకుని ఒకరి తల్లిదండ్రులను ఒకరు అడగండి. అమెరికన్ పొరుగువాళ్ల దగ్గర మీరు బయటివాళ్లు కావడమే లాభం. తమవాళ్లకైతే ఊరికే వదిలేసే విషయాన్ని మీకు మొదటినుంచీ వివరంగా చెబుతారు.

6. గది, మైకు

తివాచీ, కర్టెన్లు, సోఫా ఉన్న చిన్న గది చూడండి. వంటిల్లు వద్దు, గట్టి గోడలకు గొంతు కొట్టుకుని మోగుతుంది. టీవీ, ఫ్యాను, హీటరు, కూలరు ఆపండి. గోడ గడియారం టిక్కుటిక్కుమంటుంటే వేరే గదికి మార్చండి. ఫ్రిజ్ చప్పుడు వినపడితే ఆపి, మీ కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి. అప్పుడు దాన్ని మళ్లీ వేయకుండా ఇంటికి వెళ్లలేరు.

మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. గొలుసు, స్కార్ఫ్, పట్టు పమిట తగిలితే ప్రతి కదలికకూ బరబరమంటుంది. రికార్డరు బల్ల మీద పెట్టాల్సి వస్తే కింద మడతపెట్టిన తువ్వాలు వేయండి, లేకపోతే బల్లమీద చేయి ఆన్చినప్పుడల్లా దెబ్బ పడుతుంది. మామూలు మాట మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, గట్టిగా నవ్వినా మైనస్ 6 దాటకూడదు. సున్నా తాకితే గొంతు చీలిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. శబ్దం స్థాయిని రికార్డరే పెంచి తగ్గించే ఆటో లెవెల్ ఆపేయండి. అది వేసి ఉంటే మనిషి ఆగినప్పుడల్లా గది హోరును పైకి లేపుతుంది.

రికార్డరు లేకపోతే: ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైరు మైకు తగిలించండి. యాప్ సెట్టింగుల్లో నాణ్యత పైస్థాయికి మార్చండి. ఐఫోన్ వాయిస్ మెమోస్‌లో ‘లాస్‌లెస్’ అని ఉంటుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ల మైకు వాడొద్దు, గొంతును ఫోన్ కాల్ స్థాయికి దించేస్తుంది. వీడియో కాల్‌లో చేయాల్సి వస్తే అవతలివైపు ఎవరినైనా ఆ పెద్దాయన పక్కనే ఇంకో ఫోనులో రికార్డు చేయమనండి.

7. పరీక్ష

అర నిమిషం రికార్డు చేసి, ఆపి, హెడ్‌ఫోన్లలో వినండి. మీటరు ఆడుతోంది కదా అని వదిలేయొద్దు. కొన్ని రికార్డర్లలో మీట ఒకసారి నొక్కితే సిద్ధంగా మాత్రమే ఉంటుంది, రెండోసారి నొక్కితేనే మొదలవుతుంది. మీటరు మాత్రం రెండు స్థితుల్లోనూ ఆడుతుంది. గంటన్నర మాట్లాడించి ఒక్క సెకను కూడా పడలేదని తెలిసే ప్రమాదం ఇక్కడే ఉంది. సెకన్లు కదులుతున్నాయో లేదో చూడండి.

8. మాట్లాడించండి

మొదట మీ గొంతుతో తేదీ, ఊరు, ఇద్దరి పేర్లు, విషయం చెప్పండి. వాళ్ల పేరు వాళ్లచేతే చెప్పించి, స్పెల్లింగ్ చెప్పించండి. ఒప్పుదల కూడా ఇక్కడే తీసుకోండి.

గంట నుంచి గంటన్నరలో ఆపేయండి. ఎనభై దాటినవాళ్లు ఆ తర్వాత అలసిపోయి జవాబులు కుదించేస్తారు. మిగిలింది ఇంకో రోజు.

మౌనాన్ని భరించండి. వాళ్లు ఆగితే మనసులో పది లెక్కపెట్టండి. మొదటిసారి చేసేవాళ్లకు ఇదే అన్నిటికన్నా కష్టం. నాలుగో అంకె దగ్గరే ఇంకో ప్రశ్న నోటికొస్తుంది. మింగేయండి, ఆ తర్వాత వచ్చే మాటే చాలాసార్లు అసలు మాట. “అవునా”, “అయ్యో”, “ఓహో” అనడం మన అలవాటు, రికార్డింగులో మాత్రం అవి వాళ్ల మాట మీద పడతాయి. తలూపండి, కళ్లతో వినండి.

చేతులతో చూపిస్తే మాటల్లోకి మార్చండి: “ఇంత అంటే మోకాలెత్తు ఉంటుందా?” కొత్త పేరు వినపడితే రాసుకుని, చివర్లో స్పెల్లింగ్ అడగండి. తేదీ తప్పు చెప్పినా సరిదిద్దకండి. సరిదిద్దితే అక్కణ్ణుంచి పరీక్ష రాస్తున్నట్టు జాగ్రత్తపడతారు. ప్రతిలో మీ గమనికగా రాయొచ్చు.

భార్యో భర్తో పక్కన కూర్చుని “కాదు, అది 1958” అని అందుకుంటుంటే, “మీది విడిగా ఇంకో రోజు తీసుకుంటాను” అని మర్యాదగా చెప్పండి. కళ్లనీళ్లు పెట్టుకుంటే మీ అంతట మీరు రికార్డరు ఆపకండి, ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది వాళ్లకు. ఆగి, నీళ్లిచ్చి, “కొనసాగిద్దామా, ఆపుదామా?” అని అడగండి.

తెలుగు పెద్దలు ఇంగ్లీషు కలిపి మాట్లాడతారు. మాట్లాడనివ్వండి. ఏ సంగతికి ఏ భాష ఎత్తుకున్నారన్నది కూడా సమాచారమే. సాధారణంగా ఆసుపత్రి ఇంగ్లీషులో వస్తుంది, అమ్మ తెలుగులో వస్తుంది.

ముగించే ముందు “నేను అడగనిది, మీరు చెప్పాలనుకున్నది ఏమైనా ఉందా?” అని అడగండి. తర్వాత ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం గది నిశ్శబ్దం రికార్డు చేయండి, శబ్దం శుభ్రం చేసేటప్పుడు పనికొస్తుంది. మైకు తీయడానికి తొందరపడకండి. “అయిపోయింది” అన్నాక కాఫీ వేళ మంచి సంగతి మొదలైతే, వాళ్లనడిగి మళ్లీ నొక్కండి.

9. అదే రోజు రాత్రి

కార్డు నుంచి కంప్యూటరులోకి కాపీ చేయండి. రెండు గంటలు దాటిన స్టీరియో రికార్డింగును కొన్ని రికార్డర్లు 2 జీబీ దగ్గర రెండు ఫైళ్లుగా విరుస్తాయి. రెండో ముక్కను మరిచిపోవడం చాలా మామూలు తప్పు. మొత్తం నిమిషాలు మీ నోటు పుస్తకంలో రాసుకున్న సమయంతో సరిపోయాయా చూడండి.

ఫైలు పేరులో ఇంటిపేరు, తేదీ, వరస సంఖ్య ఉండాలి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరసలో రాయండి, ఫైళ్లు వాటంతటవే వరసలో నిలుస్తాయి. ఖాళీలు వద్దు, ఇంగ్లీషు అక్షరాలే వాడండి. తెలుగు పేర్లు కొన్ని పాత సిస్టమ్‌లలో డబ్బాలుగా మారిపోతాయి.

మూడు ప్రతులు ఉంచండి: కంప్యూటరులో ఒకటి, విడి హార్డ్ డిస్కులో ఒకటి, వేరే ఊళ్లో లేదా క్లౌడ్‌లో ఒకటి. అసలు వేవ్ ఫైలును ఎప్పుడూ కత్తిరించకండి. దగ్గులు తీసేయాలన్నా, వాట్సాప్‌లో పంపాలన్నా కాపీ చేసుకుని ఆ కాపీ మీద పనిచేయండి. ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలులో ఏ మార్పు వచ్చినా పట్టిచ్చే వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి ఒక టెక్స్ట్ ఫైలులో పెడితే, ఏడాదికోసారి పోల్చి ఫైలు చెడిందో లేదో తెలుసుకోవచ్చు. మూడు ప్రతులూ చెక్ అయ్యేదాకా కార్డు చెరపకండి.

10. సూచిక, రాత ప్రతి

రాత ప్రతికి తీరిక లేకపోతే సూచికైనా వారంలోపు చేయండి. ఎన్నో నిమిషం దగ్గర ఏ విషయం, ఏ పేర్లు, ఏ ఊళ్లు వచ్చాయో రాస్తే చాలు, రెండు మూడు గంటల పని. అమెరికన్ పొరుగువారి ఇంగ్లీషు ఇంటర్వ్యూకు ప్రతి ఇంగ్లీషులోనే ఉండాలి. తెలుగులో సారాంశం కావాలంటే విడిగా రాయండి, అసలు మాటల చోట అనువాదం పెట్టకండి.

మెషీను రాసిపెట్టే ప్రతి వాడుకోవచ్చు, కానీ ఆడియో వింటూ మొదటినుంచి చివరిదాకా సరిచూడాలి. ఊరి పేర్లు, మనుషుల పేర్లు, తెలుగు ముక్కలు, యాసలు, సంఖ్యలు అది తప్పు రాస్తుంది. తప్పు రాసినట్టు కూడా కనిపించదు, వాక్యం నున్నగానే ఉంటుంది. వ్యాకరణం దిద్దకండి. యాసను వెక్కిరించినట్టు అక్షరాల్లో విరిచి రాయడమూ వద్దు. వినపడని చోట ఊహించి నింపకుండా, అక్కడ వినపడలేదని నిమిషంతో సహా రాయండి.

11. సరిచూసుకోండి

ఇంట్లో ఈ సంగతి తెలియని ఒకరికి ఫైలు, సూచిక మాత్రం ఇవ్వండి. మాట్లాడుతున్నది ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరాల సంగతి, పెట్రోలు క్యూ ముచ్చట ఎక్కడుంది అని అడగండి. ఐదు నిమిషాల్లో చెప్పలేకపోతే సూచిక మళ్లీ చేయాలి. రికార్డింగులో మీ గొంతు ఎంతసేపు ఉందో చూడండి. అయిదో వంతు దాటితే తర్వాతిసారి తగ్గించుకోండి.

ప్రతిని పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి వాళ్లకివ్వండి. పేర్లు సరిచూడమనండి, తీసేయాలన్నవి గుర్తుపెట్టమనండి. మూడు వారాలు గడువివ్వండి, మధ్యలో ఒకసారి ఫోన్ చేయండి. కొందరు తమ మాటలు కాగితం మీద చూసి సిగ్గుపడి మొత్తం పుస్తక భాషలోకి మార్చబోతారు. “మీ మనవలకు మీరు మాట్లాడినట్టే వినపడాలి” అంటే చాలామంది ఆగుతారు. అయినా తీసేయాలంటే తీసేయాల్సిందే, ఆ మాట వాళ్లది. తర్వాతే హక్కుల సంతకం. ఆ తర్వాత ఆర్కైవుకు వేవ్ ఫైలు, ప్రతి, సూచిక, సంతకం పత్రం, పుట్టిన సంవత్సరంతో పరిచయ పత్రం ఒకేసారి పంపి, అందినట్టు రాతలో జవాబు తీసుకోండి.

పాత క్యాసెట్లు ఉంటే

ట్రంకాల్ ఖరీదైన రోజుల్లో చాలామంది మాటలను క్యాసెట్‌లో పట్టి ఊరికి పంపుకునేవారు. అవి బెజవాడలోనో వరంగల్‌లోనో అటక మీద ఇంకా ఉండొచ్చు. ఇప్పుడు చేసే ఏ ఇంటర్వ్యూకన్నా విలువైనవి, ఎందుకంటే అవి ఆ రోజునే పలికిన మాటలు. దొరికితే ముందు క్యాసెట్ పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి, పొరపాటున దానిమీద ఇంకేదీ రికార్డు కాదు. వేగంగా తిప్పి చూడకండి, పాత టేపు తెగుతుంది. బూజు కనిపిస్తే ప్లేయరులో పెట్టకుండా తెలిసినవాళ్లకు చూపించండి. శుభ్రంగా ఉంటే హెడ్ తుడిచిన మంచి ప్లేయరులో ఒక్కసారి మొత్తం నడిపి, 24 బిట్‌లో డిజిటల్‌కు ఎక్కించండి. అలా ఎక్కించాక ఆ గొంతు గల మనిషి బతికి ఉంటే, వాళ్లకే వినిపిస్తూ పైన చెప్పిన మెట్ల ప్రకారం కొత్త రికార్డింగు చేయండి. అసలు క్యాసెట్‌ను మాత్రం పారేయకండి.